తలలో నిషిద్ధాక్షరి

(చిక్కడపల్లిలో కొందరు సాహిత్య మిత్రులు నెలకోసారి జరుపుకునే ఆదివారం సభలో, ముప్పై ఏళ్లు స్పీచ్ థెరపిస్టుగా పనిచేసి రిటైరైన ఒకావిడ చేసిన ప్రసంగానికి ఇది రాతరూపం. మధ్యలో మోగిన గ్లాసు చప్పుళ్లను ఆవిడ కోరినట్టే ఎక్కడ మోగినవి అక్కడే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ. ఆఁ, చాలు.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న ఏర్పాటు. ముందు వరసలో కూర్చున్న ఈ పిల్లాడికి, ఎనిమిదో తరగతట, ఒక స్టీలు గ్లాసూ చెంచా ఇచ్చాను. వాడికి బుద్ధి పుట్టినప్పుడల్లా ఒక్క దెబ్బ కొడతాడు. మీరు నా మాటలు వింటూనే ఎన్నిసార్లు కొట్టాడో లెక్కపెట్టుకోవాలి. వేళ్లు మడవకూడదు, కాగితం మీద గీతలు గీయకూడదు, ఫోను తీయకూడదు. చివర్లో అడుగుతాను.

[టింగ్]

ఇంకా మొదలుపెట్టనేలేదు కదరా నాన్నా! సరే, మోగింది కాబట్టి లెక్కలోకే వస్తుంది.

ఇదేమిటో ఈ సభలో చాలామందికి చెప్పక్కర్లేదు. అవధానంలో ఘంటానాదం. మా నాన్నగారికి అవధానాల పిచ్చి. ఎక్కడ జరిగినా నన్ను వెంటేసుకుని వెళ్లేవారు. పద్యాలు నాకు అర్థమయ్యేవి కావు. గంట కొట్టే ఆయన్నీ, అప్రస్తుత ప్రసంగం ఆయన్నీ చూస్తూ కూర్చునేదాన్ని. ఒక పక్క సమస్య, ఒక పక్క దత్తపది, ఇంకో పక్క వర్ణన. మంచి పట్టులో ఉండగా ఈ అప్రస్తుత ప్రసంగం పెద్దమనిషి లేచి "అవధానిగారూ, దోమలకి సంగీతం ఎవరు నేర్పారండీ?" అనేవాడు. దానికో చమత్కారం విసిరి, ఆపిన చోటి నుంచే పద్యం అందుకునేవారు అవధాని. ఆఖర్న పద్యాలన్నీ ధారణ చేసి, గంట ఎన్నిసార్లు మోగిందో కూడా చెప్పేసేవారు.

దారి పొడుగునా నాన్నది ఒకటే మాట: "ఒకేసారి ఎనిమిది పనులే!" నేనూ అలాగే అనుకున్నాను. తరవాత దెబ్బతిన్న మెదళ్ల పక్కన ముప్పై ఏళ్లు కూర్చున్నాక తెలిసింది, మా నాన్న పొరబడ్డారని. బుర్ర పెట్టి చేయాల్సిన పనులు ఎనిమిది ఒకేసారి ఎవరి మెదడూ చేయదు. అవధాని కూడా ఒక్కసారి ఒక్కదాని మీదే ఉంటాడు. కాకపోతే మిగతా ఏడింటినీ గుమ్మం బయట నిలబెట్టి, ఎవరు ఏ వరసలో నిలబడ్డారో మరిచిపోడు. చాలామందికి అష్టావధానం అనగానే 'అష్ట' మీద మోజు. నాకు 'అవధానం' మీద. ఆ మాటకి అర్థం ఏకాగ్రత.

అందులో నిషిద్ధాక్షరి అని ఒక అంశం. ఇవాళ నా ప్రసంగమంతా దాని చుట్టూనే. తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. అవధాని పద్యం మొదలుపెడుతూ 'శ్రీ' అన్నారనుకోండి. వెంటనే పృచ్ఛకుడు, అంటే ఆయన్ని పరీక్షించేవాడు, 'ర' నిషేధం అంటాడు, శ్రీరాముడి మీదుగా సులువుగా జారుకుంటాడని. అవధాని ఒక్క క్షణం ఆగి 'గీ' అంటారు. శ్రీగీత అనబోతున్నాడేమోనని 'త' నిషేధం. అవధాని 'ర్వా' అంటారు. శ్రీగీర్వా. మూడూ గురువులు, మగణం పడింది, శార్దూలానికి ఎత్తుగడ కుదిరింది. ఇక గీర్వాణి అనబోతున్నారని ఎవరికైనా తెలిసిపోతుంది. 'ణ' నిషేధం! తరవాత ఏమంటారో నన్నడక్కండి, నేను అవధానిని కాను. [నవ్వులు]

ఇక్కడ ఇద్దరున్నారు, గమనించండి. రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టేవాడు ఒకడు. నాలిక చివరికి వచ్చేసిన అక్షరాన్ని మింగేసి ఇంకోటి వెతుక్కునేవాడు ఒకడు. మన తలలో ఈ ఇద్దరూ ఉన్నారు. పొద్దున లేచి "కాఫీ అయిందా?" అన్న దగ్గర్నుంచి వాళ్ల ఆట నడుస్తూనే ఉంటుంది. మాట్లాడటంలోనూ, దేని మీదైనా దృష్టి నిలపడంలోనూ, ఏదైనా తేల్చుకోవడంలోనూ మెదడు పడే కష్టంలో పెద్ద వాటా 'వద్దు' అనడానికే పోతుందని నా నమ్మకం. నమ్మకం అంటున్నాను, ఎందుకంటే నేను చూసింది అదే. శాస్త్రం కూడా చాలావరకు అటే చూపిస్తోంది.

ముందు పృచ్ఛకుడి సంగతి. నేనొక వాక్యం చెబుతాను, మామూలుగా వినండి. "నిన్న రాత్రి ఆకలి దంచేస్తుంటే, వేడి వేడి అన్నంలో ముద్దపప్పు వేసుకుని, ఇంత నెయ్యి పోసుకుని, పక్కన చెప్పులు నంజుకుంటూ తిన్నాను." [నవ్వులు] నవ్వారు. నవ్వడానికి ముందే మీ మెదడు ఉలిక్కిపడింది. 1980లో అమెరికాలో మార్తా కూటస్, స్టీవెన్ హిల్యార్డ్ అనే ఇద్దరు, మనుషుల తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి ఇలాంటి వాక్యాలే చదివించారు. వాళ్లది బ్రెడ్డు మీద మేజోళ్లు రాసుకునే వాక్యం. పొసగని మాట కనపడిన సుమారు 400 మిల్లీసెకన్లకి, అంటే అర సెకను కూడా కాకుండానే, మెదడు విద్యుత్తులో ఒక ప్రత్యేకమైన ఒంపు కనపడింది. మాట వచ్చేదాకా మెదడు చేతులు కట్టుకుని కూర్చోదన్నమాట. 'పక్కన' అనగానే మీలో సగంమంది ఆవకాయ దాకా వెళ్లిపోయి ఉంటారు.

[టింగ్]

మన తెలుగులో ఇది మరీ అవసరం. మన క్రియ చివర్లో వస్తుంది, కాదనడం కూడా చివర్లోనే. "రేపు పెళ్లికి నేనూ, మా ఆయనా, పిల్లలూ పొద్దున్నే బయల్దేరి..." అన్నంత వరకు వస్తున్నామో రావట్లేదో తేలదు. వినేవాళ్లు అన్నీ మోసుకుంటూ, ఊహిస్తూ, చివరి మాట దాకా ఓపిక పట్టాలి. మా వియ్యపురాలు ఓపిక పట్టదు, వాక్యం మధ్యలోనే తలాడించేస్తుంది. అది వేరే ప్రసంగం.

ఇక అవధాని, మాట మింగేవాడు. హైదరాబాదులో పుట్టిపెరిగినవాళ్లకి ఈ విద్య ఉగ్గుపాలతో వస్తుంది. సిటీ బస్సులో "అన్నా, జర సైడ్ ఇయ్యి" అంటారు చూడండి. మాటలు నాలుగు, భాషలు మూడు! ఆ మాట అన్న వ్యక్తికి బడి మొహం కూడా తెలియకపోవచ్చు. అదే మనిషి ఊరి నుంచి వచ్చిన అత్తతో మాట్లాడేటప్పుడు 'జర', 'సైడ్' రెండూ ఎటు పోతాయి?

ఎటూ పోవు. అక్కడే ఉంటాయి. 1999లో మైకేల్ స్పివీ, వియోరికా మారియన్ అనే పరిశోధకులు రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఎదురుగా కొన్ని వస్తువులు పెట్టి, చూపు ఎటు పోతోందో కెమెరాతో పట్టారు. రష్యన్‌లో మాత్రమే మాట్లాడుతూ 'మార్కా' తీసి పక్కన పెట్టమన్నారు. మార్కా అంటే రష్యన్‌లో తపాలా బిళ్ల. కానీ కళ్లు ఒక్క లిప్తపాటు అక్కడే ఉన్న మార్కర్ పెన్ను వైపు కూడా పోయాయి! ఎవరూ ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు, అయినా ఇంగ్లీషు మేలుకునే ఉంది. నేను తెలుగులో "రాత్రి ఒక కల..." అంటే మీలో ఉర్దూ వచ్చినవాళ్ల బుర్రలో నిన్నకీ రేపుకీ వాడే 'కల్' కూడా ఒకసారి కళ్లు తెరిచి పడుకుంటుంది. దాన్ని జోకొట్టి పడుకోబెట్టేవాళ్లు ఒకరుండాలి కదా. నుదుటి వెనకున్న మెదడు భాగాలూ, లోపల తోక ఆకారంలో ఉండే కాడేట్ అనే ముద్దా కలిసి ఆ పని చూసుకుంటాయి. ఈ కాడేట్‌ని గుర్తుపెట్టుకోండి, దాని ఇంటికి మళ్లీ వస్తాం.

[టింగ్]

ఈ రోజువారీ సాము వల్ల మెదడుకి ఏమైనా లాభముందా? ఈ ప్రశ్నకి ప్రపంచం చెవి ఒగ్గి విన్న జవాబుల్లో ఒకటి మన పంజాగుట్ట నుంచి వచ్చింది. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందం డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు, ఉన్న 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. అందులో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలవాళ్లు. ఒకే భాష వాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అంతకు ముందు కెనడాలోనూ ఇలాంటిదే చెప్పారు గానీ, అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాషదా, వలసదా అని అడిగితే తేల్చి చెప్పడం కష్టం. మన ఊళ్లో ఆ గొడవ లేదు. ఇక్కడ రెండు భాషలు రావడానికి ఓడ ఎక్కక్కర్లేదు, కిరాణా కొట్టుకి వెళితే చాలు. నన్ను బాగా కదిలించింది ఇంకో సంగతి. అక్షరం ముక్క రానివాళ్లలో కూడా తేడా కనపడింది, అదీ ఆరేళ్లు! చదువు వల్ల వచ్చిన లాభాన్ని భాష ఖాతాలో రాశారు అనడానికి వీల్లేకుండా పోయింది. రెండుకి మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు లాభం మాత్రం కనపడలేదు. కాబట్టి ఫ్రెంచి క్లాసులకి డబ్బు కట్టినవాళ్లు నన్ను క్షమించాలి.

అలాగని రెండో భాష మందుబిళ్ల కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ముందు నుంచీ పట్టుకుని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్లో చాలావాటికి ఈ లాభం దొరకలేదు. వాదన ఇంకా నడుస్తోంది. నామటుకు నాకు, జబ్బు రాకుండా ఆపుతుందని కాదు గానీ, వచ్చిన జబ్బుని మెదడు ఇంకొన్నాళ్లు లాక్కురాగలుగుతుందని అనిపిస్తుంది. అదే బృందం 2016లో పక్షవాతం వచ్చిన 608 మంది గురించి రాశారు. రెండు భాషలవాళ్లలో నూటికి నలభైమందికి తెలివితేటలు మామూలుగానే మిగిలాయి, ఒకే భాష వాళ్లలో ఇరవైమందికే. కానీ మాట పడిపోవడం ఉందే, అఫేజియా, అందులో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. ఎన్ని భాషలున్నా ఆ దెబ్బ దెబ్బే.

అక్కడే నా ఉద్యోగం మొదలవుతుంది.

బేగం బజారులో ఇనుప సామాన్ల దుకాణం ఆయన ఒకరు నా దగ్గరికి వచ్చేవారు. యాభై ఎనిమిదేళ్లు. ఎడమ మెదడులో స్ట్రోక్. మొదటి రోజు బొమ్మల కార్డులు తీశాను. మొదటి కార్డు తాళంచెవి. చాలాసేపు తంటాలు పడి "తా... తాళంచెవి" అన్నారు. ఆయన భార్య మొహం వెలిగిపోయింది. రెండో కార్డు దువ్వెన. చూశారు, గుర్తుపట్టారు, చేత్తో తల దువ్వుకుంటున్నట్టు చూపించారు కూడా. నోరు తెరిస్తే "తాళంచెవి" అని వచ్చింది. కాదని ఆయనకే తెలుసు. తల అడ్డంగా ఊపి, కళ్లు మూసుకుని, మళ్లీ ప్రయత్నించారు. "తాళంచెవి." మూడో కార్డు గ్లాసు. "తాళం..." నుదురు కొట్టుకున్నారు. అంతే, ఇంతసేపూ రాని మాటలన్నీ కట్ట తెగినట్టు వచ్చాయి, అచ్చమైన ఉర్దూ తిట్లు, స్పష్టంగా, ఒక్క అక్షరం తడబడకుండా! ఆయన భార్య అంది కదా, "జూడు మేడం, తిట్టనీకి మాత్రం మస్తు మాటలొస్తయి ఈయనకు."

నేను ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. దువ్వెన అన్న మాట ఆయనలో చచ్చిపోలేదు. నేను 'దు...' అని అందిస్తే 'దువ్వెన' అనేవారు. అసలు చిక్కు, ముందొచ్చిన తాళంచెవి గుమ్మం వదలకపోవడం. మనం ఒక మాట అన్నాక దాన్ని పక్కకి నెట్టకపోతే రెండోది రాదు. ఆ నెట్టడం మనకి తెలియకుండానే జరిగిపోతుంది కాబట్టి అది పనిలాగా కనపడదు.

[టింగ్]

తిట్ల సంగతి కూడా కొత్తేమీ కాదు. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో పోల్ బ్రోకా అనే సర్జన్ దగ్గరికి లెబోర్న్ అనే రోగి వచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఏమడిగినా "టాన్, టాన్" తప్ప ఇంకో మాట లేదు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవారు. కోపం నషాళానికంటితే మాత్రం ఆయన నోటి నుంచీ ఒక పూర్తి తిట్టు వచ్చేది. బ్రోకా చూసిన కొద్ది రోజులకే చనిపోయాడు. మెదడు తీసి చూస్తే ఎడమ వైపు నుదుటి భాగంలో దెబ్బ. ఇప్పటికీ ఆ భాగాన్ని బ్రోకా పేరుతోనే పిలుస్తాం. పారిస్‌లో భద్రపరిచిన ఆ మెదడునే 2007లో స్కాన్ చేసి చూస్తే, దెబ్బ బ్రోకా అనుకున్నదానికన్నా చాలా లోతుకి పోయి ఉందని తేలింది. అందుకే 'భాష కేంద్రం ఇక్కడ' అని బొమ్మ మీద చుక్క పెట్టి చూపిస్తే నాకు చిరాకు. భాష ఒక గదిలో కాపురం ఉండదు, వీధులన్నీ దానివే. ఎడమ వైపు పెత్తనం మాత్రం నిజం. కుడిచేతివాటం వాళ్లలో నూటికి తొంభై అయిదుమందికి, ఎడమచేతివాటం వాళ్లలో కూడా డెబ్బైమందికి భాష ప్రధానంగా ఎడమ వైపే. తిట్లు, ఎక్కాలు, చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యాలు, ఇలా నోటికి అలవాటైపోయినవి మాత్రం దెబ్బ తప్పించుకుని మిగలొచ్చు. వాటికి కుడి మెదడు, లోపలి ముద్దలు ఆసరా ఇస్తాయని భావిస్తున్నారు.

ఆ దుకాణం ఆయనకి మొదట ఉర్దూ తిరిగొచ్చింది, తెలుగు తరవాత. ఇంట్లోవాళ్లు నొచ్చుకున్నారు, "అమ్మ భాష పోయి దుకాణం భాష మిగిలిందా" అని. ఎక్కువ వాడిన భాషే ముందు తిరిగొస్తుందని 1895లోనే పిత్ర్ అనే ఫ్రెంచి వైద్యుడు అన్నాడు. తొలుత నేర్చినదే ముందని అంతకు ముందు రిబో అనే ఆయన అన్నాడు. నిజానికి చాలామందికి రెండూ కలిసే వస్తాయి. ఆయన రోజుకి పన్నెండు గంటలు దుకాణంలోనే ఉండేవారు. అంతే, ప్రేమకీ దానికీ సంబంధం లేదని వాళ్లకి నచ్చచెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఒక మాట, మళ్లీ మరిచిపోతాను. ఎవరికైనా ఉన్నట్టుండి మాట ముద్దయిపోయినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, నిద్రపోతే తగ్గుతుందని చూడకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. అక్కడ నాలుగున్నరేళ్లు, ఇక్కడ నాలుగున్నర గంటలు. కలిపేసుకోకండి.

ఇక దృష్టి. ఇంకో ఆయన కథ, ఇది నా తప్పు కథ. కుడి మెదడులో స్ట్రోక్. మాట బాగానే ఉంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఆయన భార్య వచ్చి ఏడ్చింది, "నా వంటకి వంకపెడుతున్నారమ్మా, కూర ముట్టరు, వేయలేదంటారు" అని. కొందరు జబ్బు తరవాత మొండికేస్తారు, ఓర్చుకోండి అని చెప్పి పంపించేశాను. వారం తరవాత మధ్యాహ్నం వార్డులోకి వెళితే ఆయన భోంచేస్తున్నారు. కంచంలో అన్నం సరిగ్గా నడిమికి కత్తితో కోసినట్టుంది. కుడివైపు నున్నగా ఖాళీ, ఎడమవైపు అన్నం, బెండకాయ కూర పెట్టింది పెట్టినట్టే. "ఇంకాస్త పెట్టవే, కూర మరిచిపోయావు" అంటున్నారు ఆవిడతో. నేను ఏమీ మాట్లాడకుండా కంచాన్ని సగం తిప్పాను. "ఇదిగో, ఇప్పుడు వేసింది" అని కూర కలుపుకున్నారు.

కళ్లు బాగానే ఉన్నాయి. ఎడమ వైపు అనేదే ఆయన లోకంలోంచి జారిపోయింది. సగం గడ్డమే గీసుకునేవారని తరవాత అడిగితే చెప్పిందావిడ. ఆ వారం రోజులు ఆవిణ్ణి ఊరికే ఏడిపించానని నాకు ఇప్పటికీ బాధే.

[టింగ్]

దీని మీద 1978లో ఇటలీలో బిసియాక్, లుజ్జత్తి అనేవాళ్లు చేసిన పరీక్ష ఒకటుంది. మిలాన్‌లో పెద్ద చర్చి ముందున్న మైదానం అక్కడివాళ్లందరికీ కొట్టినపిండి. రోగుల్ని కళ్లెదుట ఏమీ లేకుండా, ఆ మైదానంలో చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకుని కనపడేవన్నీ చెప్పమన్నారు. కుడివైపు భవనాలే చెప్పారు. ఇప్పుడు చర్చి మెట్ల మీద నిలబడి ఇటు తిరిగినట్టు ఊహించుకోమన్నారు. ఇందాక వదిలేసిన భవనాలన్నీ గడగడా చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు!

మన ఊళ్లోకి తెచ్చుకుందాం. కళ్లు మూసుకోండి. పత్తర్‌గట్టి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చి చార్మినార్‌కి ఎదురుగా నిలబడ్డారు. లాడ్ బజార్ ఎటుంది? కుడివైపు. సరే, చార్మినార్ దాటి మక్కా మసీదు దాకా వెళ్లి వెనక్కి తిరగండి. ఇప్పుడు? ఎడమవైపు. ఆ కంచం ఆయనకి మొదటిసారి గాజుల దుకాణాలన్నీ కనపడతాయి, రెండోసారి లాడ్ బజారే మాయం. జ్ఞాపకంలో ఉంది, చూపులో ఉంది, దృష్టిలో లేదు.

[టింగ్]

మనకి అలాంటి జబ్బు లేదని ధీమా వద్దు. 2013లో అమెరికాలో 24 మంది రేడియాలజిస్టులకి ఊపిరితిత్తుల సీటీ స్కాన్లు ఇచ్చి, చిన్న చిన్న గడ్డలు వెతకమన్నారు. ఒక స్కాన్‌లో గొరిల్లా బొమ్మ దూర్చారు, మామూలు గడ్డకి 48 రెట్లు పెద్దది. 20 మందికి అది కనపడలేదు. వాళ్లు పనిమంతులు కాక కాదు. గడ్డ కానిదాన్నంతా వద్దు వద్దు అనుకుంటూ పోవడమే వాళ్ల పనితనం, గొరిల్లా కూడా ఆ 'వద్దు'లో కొట్టుకుపోయింది. మరి తలుపు అంత గట్టిగా వేసేస్తే ప్రమాదం కదా, అందుకే ఒక చిన్న కిటికీ తెరిచి ఉంటుంది. 1959లో నెవిల్ మోరే అనే ఆయన, ఒక చెవిలో పడే మాటల్ని అప్పజెబుతుండగా రెండో చెవిలో వాళ్ల పేరు వినిపిస్తే, సుమారు మూడోవంతు మంది పట్టుకున్నారని చూపించాడు. పెళ్లి భోజనాల గోలలో, ఆ మూల ఎవరో మీ పేరెత్తితే చెవులు రిక్కించుకోవడం అదే.

ఇక మూడోది, తేల్చుకోవడం. ఇందాక కాడేట్ ఇంటికి వస్తామన్నాను. ఆ ఇంటి పేరు బేసల్ గాంగ్లియా. మెదడు లోతుల్లో ఉంటుంది. దాని సహజ స్వభావం బ్రేకు మీద కాలేసుకుని కూర్చోవడం. మనం ఒక పని చేయాలంటే, ఆ ఒక్క పని దారిలో బ్రేకు వదులుతుంది, మిగతా దారుల్లో ఇంకా గట్టిగా తొక్కుతుంది. మన ఆటో డ్రైవర్ల పద్ధతి కాదు. పార్కిన్సన్ జబ్బులో డోపమిన్ అనే మెదడు రసాయనం తగ్గిపోయి ఆ బ్రేకు సరిగ్గా వదలదు. మనిషి గుమ్మం దగ్గరికి వచ్చి అడుగు పడక నిలబడిపోతాడు. నేల మీద గీత గీసి దాటమంటే చాలామంది దాటేస్తారు! అక్కడే సబ్‌థలామిక్ న్యూక్లియస్ అని ఒక చిన్న గింజ ఉంది. రెండు మంచి దారులు కనపడి ఎటూ తేలనప్పుడు 'ఆగు, తొందరపడకు' అనేది అది. పార్కిన్సన్ రోగులకి అక్కడ తీగ పెట్టి కరెంటు ఇస్తే ఒళ్లు కదలడం బాగుపడుతుంది. అయితే 2007లో మైకేల్ ఫ్రాంక్ బృందం చూస్తే, కరెంటు ఉన్నప్పుడు వాళ్లు తేల్చుకోవడం కష్టమైన చోటే తొందరపడుతున్నారు. ఆగాల్సిన చోట ఆపేవాడు లేడు.

[టింగ్]

ఆపేవాడు ఉంటే చాలా? చాలదు. నా వాదనకి నేనే అడ్డుపడుతున్నాను. ఆంటోనియో దమాసియో అనే న్యూరాలజిస్టు ఒక రోగి గురించి చెబుతాడు. నుదుటి వెనక, కళ్లకి పైభాగంలో మెదడు దెబ్బతింది. తెలివితేటలు, జ్ఞాపకం అన్నీ సలక్షణంగా ఉన్నాయి. మళ్లీ ఎప్పుడొస్తారని రెండు తేదీలు ఇచ్చాడు డాక్టరు. ఆయన డైరీ తీసి, ఆ రోజు ఇంకో పనుందని, ఈ రోజు వాతావరణం ఇలా ఉండొచ్చని, అరగంట సేపు రెండు తేదీల లాభనష్టాలు వల్లించాడు. చివరికి డాక్టరే "రెండో తేదీకి రండి" అంటే, "అలాగే" అని డైరీ మూసేసి వెళ్లిపోయాడు. మనమైతే అయిదు నిమిషాలకే ఇబ్బందిపడతాం, ఏదో ఒకటి అనేస్తాం. ఆ ఇబ్బంది, ఆ గుబులు, ఆ ఇష్టం, ఇవే 'ఇక చాలు' అంటాయి. చీరల షాపులో రెండొందల చీరలు తీయించి చివరికి "ఎందుకో ఇదే బాగుంది" అంటామే, ఆ 'ఎందుకో' లేకపోతే దుకాణం కట్టేసేదాకా అక్కడే కూర్చుంటాం.

ఆ 'ఎందుకో'ని మాటలు ఎటంటే అటు తిప్పగలవు. ఒక పెద్దావిడ. భర్తకి మెదడులో కంతి, తీయాలన్నారు. వరండాలో సర్జన్‌గారు కొడుకుతో ఇంగ్లీషులో చెప్పారు. కొడుకు తల్లికి తెలుగులో, "వందలో పదిమంది పోతరట అమ్మా" అన్నాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని "వద్దు బిడ్డా, ఇంటికి దీస్కపోదాం" అంది. కాసేపయ్యాక నా దగ్గరికి వచ్చి, "నువ్వు రోజు జూస్తవు గద, నువ్వేమంటవు బిడ్డా?" అని అడిగింది. "తొంభైమంది బాగై లేస్తున్నారమ్మా" అన్నాను. సంతకం పెట్టింది.

లెక్క మారలేదు, ఇది చూడండి. 1982లో అమెరికాలో సర్జరీ గురించి ఇలాగే రెండు రకాలుగా చెప్పి చూశారు. ఎంతమంది పోతారో చెబితే సర్జరీ కోరుకునేవాళ్లు తగ్గారు, ఎంతమంది బతుకుతారో చెబితే పెరిగారు. అలా ఊగిసలాడినవాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారు! 2012లో బోయజ్ కైసర్ బృందం ఇంకో మెలిక పెట్టింది. అదే తరహా ప్రశ్నని నేర్చుకున్న పరాయి భాషలో అడిగితే, చెప్పే తీరు ప్రభావం బాగా తగ్గిపోయింది. పరాయి భాష గుండెకి అంత దగ్గరగా తగలదేమో. మరి మన ఆసుపత్రుల్లో లెక్క ఇంగ్లీషులో పుడుతుంది, నిర్ణయం తెలుగులో జరుగుతుంది, మధ్యలో పాతికేళ్ల కుర్రాడు వరండాలో నిలబడి తర్జుమా చేస్తాడు. ఆ తర్జుమాకి శిక్షణ పొందినవాళ్లు వార్డుకి ఒక్కరన్నా ఉండాలని నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం పోరాను, ఫలితం లేదు. ఆవిడ భర్త ఆపరేషన్ అయి ఇంటికెళ్లారు. కానీ ఆ రోజు తేల్చుకుంది ఆవిడా, నా వాక్యమా? నాకు ఇప్పటికీ తెగలేదు.

చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

*ఒక పెద్దావిడ: మా మనవడికి మూడు నిండాయి. ఇంట్లో తెలుగు, ప్రీస్కూల్లో ఇంగ్లీషు, పనమ్మాయితో హిందీ. మాటలు సరిగ్గా రావట్లేదు. ఒక్క భాషే మాట్లాడండి, అదీ ఇంగ్లీషే అన్నారమ్మా.*

ఎవరన్నారో నాకు చెప్పకండి, నోరు జారతాను. [నవ్వులు] రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఒక్కో భాషలో మాటలు తక్కువ కనపడొచ్చు, అన్నీ కలిపి లెక్కపెట్టాలి. కలిపినా తక్కువే ఉంటే ముందు చెవులు పరీక్ష చేయించండి, ఆ తరవాత స్పీచ్ థెరపిస్టుకి చూపించండి, ఆలస్యం చేయకండి. మీరు మాత్రం తెలుగు ఆపకండి. వాడితో మనసు విప్పి మాట్లాడే భాషలోనే మాట్లాడండి.

*ఒక యువకుడు: మేడం, రీల్స్ చూసీ చూసీ మా ఏకాగ్రత చేపపిల్లకన్నా తగ్గిపోయిందంటున్నారు, నిజమేనా?*

[టింగ్]

ఆ చేపపిల్ల లెక్క వాట్సాప్‌లో నాకూ వచ్చింది. దానికి నమ్మదగిన ఆధారమేదీ లేదు. చేప ఏకాగ్రతని ఎవరు కొలిచారో పాపం. అయితే ఒక పనిలోంచి ఇంకో పనిలోకి దూకిన ప్రతిసారీ మెదడు కొంత సమయం, కొన్ని పొరపాట్లు చెల్లిస్తుందన్నది నిజం. అవధాని అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెప్పి పద్యంలోకి తిరిగి వస్తాడు. మనం ఫోను తీసి, ఎందుకు తీశామో మరిచిపోయి, అరగంట తరవాత వస్తాం. ఆ తిరిగి రావడం ఉంది చూడండి, అభ్యాసంతో అది కొంత వస్తుంది.

సరే, టైమైపోయిందని సైగ చేస్తున్నారు. గ్లాసు ఎన్నిసార్లు మోగింది?

*గొంతులు: ఆరు... ఏడండీ... తొమ్మిది!... ఎనిమిదే...*

చూశారా, ఎవరి లెక్క వాళ్లది. తాళంచెవి కథ దగ్గర చాలామందికి ఒకటి జారిపోయి ఉంటుంది, మీ మొహాలు చూస్తే తెలిసింది. ఏం నాన్నా, కొట్టినవాడివి నువ్వే, నువ్వు చెప్పు.

*పిల్లాడు: నేను లెక్కపెట్టలేదు మేడం. మీరు చెప్పేది వింటున్న.*

[నవ్వులు, చప్పట్లు]

రికార్డింగ్ బాబూ, ఇది రాతలో పెట్టేటప్పుడు నువ్వన్నా సరిగ్గా లెక్కపెట్టు.